లోపలివాళ్ళు, బయటివాళ్ళు, మధ్యలో నేను

ఓపెన్ సోర్సు అంటే అందరిదీ అని వేదికల మీద చెప్తుంటారు. అలా చెప్పేవాళ్ళు ఎండాకాలంలో పంచాయతీ బోరింగు దగ్గర బిందెతో నిలబడి ఉండరు. అదీ అందరిదే. ఎవరి బిందె ముందు, విరిగిన పిడి ఎవరు బాగుచేయించాలి, పక్కవీధి వాళ్ళని రానివ్వాలా వద్దా. మా సాఫ్ట్‌వేర్ గొడవలన్నీ ఇవే. కాకపోతే మేము ఇంగ్లీషులో ఈమెయిళ్ళు రాసుకుంటూ కొట్టుకున్నాం.

నేను నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అది ఉద్యోగం. నా అసలు పని వేరే. తొంభైల చివర్లో మొదలుపెట్టి చాలా ఏళ్ళపాటు ‘ఒత్తు’ అనే తెలుగు సాఫ్ట్‌వేర్‌ని నడిపించాను. తెలుగులో టైపు చేసుకుని, పేజీ దిద్దుకుని, అచ్చుకి పంపుకునే సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల కోడ్ ఎలా ఉందో చూసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. దానికి నన్ను నిర్వాహకురాలు అనేవాళ్ళు. మాట బరువుగా ఉంది కానీ, పెళ్ళిలో వియ్యాలవారి మధ్య తిరిగే పెద్దమ్మ చేసే పని అది. ఆవిడ వంట చేయదు, తాళి కట్టదు. ఆవిడ లేకపోతే మాత్రం మధ్యాహ్నానికి రెండు పక్షాలూ బస్సెక్కి వెళ్ళిపోతాయి.

ఇప్పుడు ఇలాంటి పనికి వస్తున్న పిల్లలు నన్ను అడిగేది ఒక్కటే. ప్రాజెక్టు పుట్టించినవాళ్ళకీ, బయటినుంచి సాయం చేసేవాళ్ళకీ మధ్య సమతూకం ఎలా? సూత్రాలు నాకు తెలియవు. జరిగింది చెప్తాను.

ముగ్గురం

మస్తాన్‌ది నంద్యాలలో వాళ్ళ నాయన కాలంనుంచి ఉన్న ప్రింటింగ్ ప్రెస్సు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు. అతను కొనుక్కున్న తెలుగు టైపింగ్ ప్యాకేజీ తెరుచుకోవాలంటే కంప్యూటర్ వెనక గుచ్చే ఒక తాళం ఉండాలి. అది పాడైన రోజు ప్రెస్సు మొత్తం ఆగిపోయింది. అమ్మినవాళ్ళు ఫోను తీయలేదు. మస్తాన్ నా దగ్గరికొచ్చి, “అక్కా, మన అక్షరాలకి ఎవడో తాళమేసుకుని పోతే మనం గమ్మునుండల్లనా?” అన్నాడు. ‘ఒత్తు’ అక్కడ పుట్టింది.

పుట్టించింది మాత్రం ఓబులేసు. ఆళ్ళగడ్డలో టీవీలు, రేడియోలు బాగుచేసే దుకాణం అతనిది. డిగ్రీలో నా విద్యార్థి. క్లాసుకి వచ్చింది తక్కువ, వచ్చినప్పుడు నన్ను ఇబ్బందిపెట్టింది ఎక్కువ. అక్షరం కింద ఒత్తుని సరైన చోట కూర్చోబెట్టే భాగం అంతా అతనే రాశాడు. దాన్ని ఇంజను అనేవాళ్ళం. నేను కీబోర్డు పని, మస్తాన్ ప్రింటరు పని చూసుకున్నాం. ఇంటర్నెట్టులో పెట్టాక ఊళ్ళవాళ్ళు వాడడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి తప్పులు చెప్పడం మొదలుపెట్టారు. ఇంకొన్నాళ్ళకి తప్పులు వాళ్ళే దిద్ది పంపడం మొదలుపెట్టారు. ఆ దిద్దిన వరుసల్ని ప్యాచ్ అంటారు. చినిగిన చొక్కాకి వేసే మాసిక లాంటిదే. దాన్ని కుట్టాలా, పారేయాలా అని తేల్చే హక్కు మా ముగ్గురికే ఉండేది. ఆ హక్కుని తాళంచెవి అనేవాళ్ళం. తాళాల మీద కోపంతో మొదలైన ప్రాజెక్టులో తాళంచెవులు పుట్టడానికి ఎన్నాళ్ళో పట్టలేదు.

ఇంజనుకి వచ్చే ప్యాచ్‌లు ఓబులేసుకి పోయేవి. అక్కడికి పోయినవి తిరిగొచ్చేవి కావు. అడిగితే, “రాసేది ఎవుడైనా రాస్తాడు మేడం. మన కోడ్ మనకి తెల్సినట్ల వానికి యాడ తెలుస్తాది?” అనేవాడు.

ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం, తన వంటకి ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే తట్టుకోలేని మనిషి బాధ.

ప్రిన్సిపాల్‌గారి ఫొటో

మధ్యలో ఒక ముచ్చట. మా ప్రిన్సిపాల్‌కి ‘ఒత్తు’ సంగతి చాలాకాలం తెలియదు. ఒకరోజు ఎవరో విదేశాల నుంచి కాలేజీకి మెచ్చుకుంటూ ఈమెయిల్ పంపారు. ఆ రోజునుంచి ఆయనకి ఓపెన్ సోర్సు మీద అపారమైన గౌరవం కలిగింది. నన్ను గదిలోకి పిలిచి, “సాఫ్ట్‌వేర్ తెరిస్తానే ముందర ఒక బొమ్మ వస్తాది గదమ్మా. ఆడ నా ఫొటో పెట్టండి. కింద ‘ముఖ్య పోషకులు’ అని,” అన్నారు.

బాస్‌తో కాదనడం కుదరదు. “తప్పకుండా సార్. ఈ ప్రాజెక్టులో ఎవరు మార్పు కావాలన్నా వాళ్ళే కోడ్ రాసి పంపాలి. అందరికీ ఒకే నియమం. మీరు ప్యాచ్ పంపండి, మేము పరిశీలిస్తాం,” అన్నాను.

ఆయన రిటైరయ్యేదాకా పంపలేదు. బయటివాళ్ళకి పెట్టిన నియమం లోపలివాళ్ళనీ ఒక్కోసారి కాపాడుతుందని అలా తెలిసింది.

మల్లం వారి విందు

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత ఒక పెళ్ళిళ్ళ కాలం. గోస్పాడు దగ్గరి పల్లెనుంచి మల్లం అనే ఇంటిపేరు గలవాళ్ళు మస్తాన్ దగ్గర కార్డులు వేయించుకున్నారు. చిన్న సైజులో ప్రూఫు తీసి చూపించారు. పెద్దలు చదివి బాగుందన్నారు. కార్డులు అచ్చయ్యాయి, బంధువులకి పంచారు కూడా.

రెండో రోజు నేను ప్రెస్సులో ఉండగానే పెళ్ళికూతురి చిన్నాయన వచ్చాడు. అరవలేదు. కార్డు తీసి బల్లమీద పెట్టాడు.

“చదువప్పా మస్తాన్.”

మస్తాన్ చూశాడు. నేనూ చూశాను. కార్డు నెత్తిన, బంగారు రంగులో, ఇంతింత అక్షరాలతో ‘మలం వారి విందు’ అని ఉంది. ‘ల’ కింది ఒత్తు మాయమైంది.

“ఇది పట్టుకొని పోయి వియ్యాలోళ్ళని భోజనానికి పిలిచినామప్పా,” అన్నాడాయన. “వాళ్ళు ఫోన్ జేసి, విందులో ఏం వడ్డిస్తాండారని అడుగుతాండారు.”

నవ్వొచ్చే మాటే. ఆయన మొహం చూస్తే నవ్వు రాలేదు. ఆ ప్రెస్సులో ముప్పై ఏళ్ళుగా వాళ్ళ నాయన వేసిన కార్డుల్లో ఒక్క ఒత్తు పోలేదని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. మళ్ళీ వేసి ఇస్తానని కాళ్ళావేళ్ళా పడి ఆయన్ని పంపాడు. కొత్త కార్డులు తానే ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి, పాతవి వెనక్కి తెచ్చుకున్నాడు. ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒక జోకు విని వచ్చాడు.

తప్పు ఎక్కడుందని వెతికితే, అక్షరం సైజు బాగా పెంచినప్పుడు కొన్ని ఒత్తులు కింది గీత దాటి, కాగితం మీద పడకుండా పోతున్నాయి. తెరమీద చక్కగా కనిపిస్తాయి. ఓబులేసు దుకాణంలో ప్రింటరు లేదు. అందుకే ఎవరు ఈ సంగతి చెప్పినా, “వాళ్ళ ప్రింటర్ మంచిది కాదు,” అనేవాడు.

ఆ వారంలోనే మా మెయిలింగ్ లిస్టులో, అంటే ఒకరు రాస్తే అందరికీ ఈమెయిల్ పోయే చోట, ఒక సందేశం వచ్చింది. రాసింది రమణమూర్తి అనే ఆయన. శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రంలో పని, సున్నిపెంటలో కాపురం. ‘ఈ లోపానికి కారణం, దిద్దుబాటు పోయిన ఏడాదే పంపానండి. తర్వాత గుర్తుచేస్తూ కూడా రాశాను. అందినట్టు కూడా ఎవరూ చెప్పలేదు. ఇక మీ సాఫ్ట్‌వేర్‌ని మా పేరుతో వేరుగా నడుపుకుందామని నేనూ కొందరు మిత్రులూ అనుకుంటున్నాం.’

వేరు కాపురమన్నమాట. ఓపెన్ సోర్సులో అది ఎవరి హక్కయినా అవుతుంది. కోడ్ మొత్తం పట్టుకెళ్ళి ఇంకో పేరు పెట్టుకోవచ్చు. కానీ ఉన్న నలుగురూ రెండు జట్లయితే రెండూ చస్తాయి.

మస్తాన్ ఆ సందేశం నాచేత చదివించుకున్నాడు. “మందు మన ఇంట్లోనే ఉండింది అక్కా. ఓబులేసన్న సీసా మూత తీయలేదు,” అన్నాడు.

కొండ దిగి వచ్చిన మనిషి

వేరుపడే ముందు ఒకసారి వచ్చి మాట్లాడమని రమణమూర్తికి రాశాను. ఆయన ఆత్మకూరు మీదుగా బస్సులో వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. ఓబులేసు ఆళ్ళగడ్డ నుంచి సోల్డరింగ్ వాసనతో వచ్చాడు. మస్తాన్ ప్రెస్సులో కాగితం కట్టల మీద కూర్చున్నాం.

ఓబులేసు మొదలుపెట్టాడు. “మా ఇంట్లో పొయ్యిమీద చట్టి యాడ పెట్టల్లనో నువ్వు చెప్తాండావా సార్?”

“ఇల్లయితే తలుపేసుకోండి. నేను అడగనండి,” అన్నాడు రమణమూర్తి. “అందరూ రండని బోర్డు కట్టారు. వచ్చాక గుమ్మంలో ఏడాది నిలబెట్టారు. కాళ్ళు లాగుతున్నాయండి.”

“నీది తప్పని చెప్పలా నేను.”

“ఒప్పని కూడా చెప్పలేదు కదండి. తప్పని ఒక్క ముక్క రాసుంటే ఇంత బాధ ఉండేది కాదు.”

ఓబులేసు లేచి, “అట్లయితే ఆయప్పకే ఇచ్చుకోండి తాళంచెవి,” అని బస్టాండుకి వెళ్ళిపోయాడు.

ఇచ్చాను. అదే రోజు రమణమూర్తి దిద్దుబాటు కోడ్‌లో చేర్చాం. ఒత్తులు తిరిగొచ్చాయి. ఓబులేసు లిస్టులోంచి పేరు తీసేసుకున్నాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఇక్కడ ఒక మాట. బయటివాళ్ళు వదిలిపోయేది తిరస్కరించినందుకు కాదు. తిరస్కారం వాళ్ళు భరిస్తారు, కొందరికి అదీ ఇష్టమే, వాదించుకోవడానికి పనికొస్తుంది. భరించలేనిది మౌనం. పలకని గుమ్మం దగ్గర భిక్షగాడు కూడా ఎక్కువసేపు నిలబడడు.

తలుపు తీసేస్తే

మూసిన తలుపు వల్ల దెబ్బతిన్నాం కదా అని మస్తాన్ తలుపే పీకేద్దామన్నాడు. అడిగినవాళ్ళందరికీ తాళంచెవి. నాకూ అప్పట్లో అది ఉదారంగా, అందంగా అనిపించింది. కొన్ని నెలలు పండగే. ఎక్కడెక్కడినుంచో మార్పులు. హైదరాబాదులో పనిచేసే ఒకాయన బటన్ల మీది మాటలన్నీ గ్రాంథికంలోకి మార్చాడు. ‘తీసేయి’ అన్నచోట ‘నిర్మూలింపుము’ అని వచ్చింది. దాన్ని నొక్కడానికి జనం భయపడ్డారు. ఇంకొకాయన మళ్ళీ ఇంగ్లీషు చేశాడు. ఇద్దరూ వారం రోజులు ఒకరిది ఒకరు చెరుపుకుంటూ గడిపారు.

అసలు దెబ్బ ఇంకో చోట తగిలింది. ఓబులేసుకి కోడ్ పక్కన తన భాషలో హెచ్చరికలు రాసుకునే అలవాటు. ‘ఈడ తాకితే అంతా కూలిపోతాది’, ‘దీన్ని ఎందుకు ఇట్ల పెట్టినానో నాకే తెలుసు, నువ్వు పో’. ఇంజను నిండా ఇవే. ఒక శుభ్రమైన మనిషి వచ్చి, ఇవి మొరటుగా ఉన్నాయని అన్నిటినీ తుడిచేశాడు. తర్వాత వచ్చిన ఇంకో మనిషి, హెచ్చరిక లేదు కాబట్టి, సరిగ్గా అక్కడే తాకాడు. అంతా కూలిపోయింది.

అప్పుడు వార్షిక పరీక్షల కాలం. మస్తాన్ ప్రెస్సులోనే కాదు, కొత్త ‘ఒత్తు’ ఎక్కించుకున్న ప్రతి చోటా ప్రశ్నపత్రాలు ఆగిపోయాయి. దాంట్లో కొట్టినవి పాతదాంట్లో తెరుచుకోవు. రమణమూర్తి సెలవు పెట్టి కూర్చున్నా ముడి విప్పలేకపోయాడు. మార్చిన మనిషికి రాస్తే, ‘ఇప్పుడు వేరే ప్రాజెక్టులో ఉన్నాను, శుభాకాంక్షలు’ అని జవాబు వచ్చింది.

నేను ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

ఆళ్ళగడ్డలో

ఓబులేసు దుకాణం శిల్పాలు చెక్కేవాళ్ళ షెడ్లకి ఆనుకుని ఉండేది. పగలంతా ఉలి చప్పుడు. రాతిపొడి వచ్చి విప్పిన టీవీల మీద పడుతుంటే ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుని పనిచేసేవాడు. నన్ను చూసి తువ్వాలు దించాడు.

“కూలిపోయిందంట గదా మేడం.”

“నీకెట్ల తెలుసు? లిస్టులో లేవు కదా.”

“లేకుంటే చూడకూడదా? రోజూ చూస్తాండా.” స్టూలు తుడిచి నాకు వేశాడు. “నేను చెడ్డోన్నని అనుకుంటాండారు అందరూ. కానీలే. ఒకటి చెప్పు మేడం. బయటోడు వచ్చి ఒక మార్పు ఇచ్చిపోతాడు. వానికి అది ఒక పూట పని. ఆ మార్పుని సాకల్లనంటే పదేండ్ల పని. బిడ్డని కని మన గడపలో పెట్టి పోతాడు. పాలు ఎవరు పోయల్ల? జొరమొస్తే ఎవరు చూడల్ల? నేనే గదా. అందుకే తీసుకోవాలంటే భయం నాకు. పొగరు అనుకున్యారు మీరు.”

“పొగరు కూడా ఉందిలే అప్పా,” అన్నాను.

“ఉంది. లేదన్నానా?”

ఇద్దరం నవ్వాం. టీ తెప్పించాడు. అది తాగుతూ రెండు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, ఎవరు ఏ మార్పు ఇచ్చినా కొంతకాలం దాని మంచిచెడ్డలు వాళ్ళే చూడాలి. అలా నిలబడి చూసినవాళ్ళకే తాళంచెవి. రెండోది అతనికి మింగుడుపడలేదు. ఏ ప్యాచ్ వచ్చినా వారంలోపు జవాబు రాయాలి. వద్దంటే ఎందుకు వద్దో రాయాలి.

“‘నాకు నచ్చలే’ అని రాయొచ్చా?”

“రాయొచ్చు. అది చదివి జనం నీ గురించి ఏమనుకుంటారో కూడా చదువుకో.”

ఆ మధ్యాహ్నమే దుకాణంలో కూర్చుని ముడి విప్పాడు. తర్వాత తుడిచేసిన హెచ్చరికలన్నీ మళ్ళీ పెట్టాడు. ఈసారి రమణమూర్తితో ఇంగ్లీషు చేయించి పెట్టాడు. ‘నువ్వు పో’ అన్నదాన్ని ఆయన ‘దయచేసి సంప్రదించండి’ అని మార్చాడు. ఓబులేసు నోరు మూసుకున్నాడు. నా అనుభవంలో అది చరిత్రాత్మకం.

రెండువైపుల నుంచి చదివే కార్డు

కథ అక్కడ సుఖాంతమైతే బాగుండేది. మనుషులు అలా ఉండరు. బయటినుంచి లోపలికి వచ్చినవాడు వచ్చీరాగానే చేసే మొదటి పని తలుపు గడియ సరిచూసుకోవడం. రమణమూర్తి రెండేళ్ళలో ఓబులేసు కంటే పెద్ద కాపలాదారయ్యాడు. జవాబు మాత్రం వారంలోపు ఇచ్చేవాడు. ఎంతో మర్యాదగా, కారణాలతో సహా, వద్దని.

షమీమ్ ఆళ్ళగడ్డ బస్టాండు దగ్గర డీటీపీ సెంటరు నడిపేది. కంప్యూటర్స్‌లో డిగ్రీ చేసింది. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. వాళ్ళ ఇళ్ళ పెళ్ళి కార్డుల్లో తెలుగూ ఉర్దూ కలిసి ఉంటాయి. తెలుగు ఎడమ నుంచి కుడికి నడిస్తే, ఉర్దూ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. రెండూ ఒకే వరుసలో వస్తే ‘ఒత్తు’కి మతిపోయేది. పెళ్ళికొడుకు పేరు వెనకనుంచి ముందుకి పడేది. దాన్ని సరిచేస్తూ ఆమె పెద్ద ప్యాచ్ పంపింది. రమణమూర్తి జవాబు రాశాడు. ‘ఇది తెలుగు సాఫ్ట్‌వేర్ అండి. ఉర్దూ మన పరిధిలోకి రాదు. మీ శ్రమకి ధన్యవాదాలు.’

ఆమె తిరిగి రాసింది. ‘మా ఇంట్లో రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి సార్. మీ పరిధి కోసం ఒక పిల్లకి రెండు పెళ్ళిళ్ళు చేయలేం కదా.’

ఆశ్చర్యం ఏమిటంటే ఆమె వైపు నిలబడింది ఓబులేసు. ఒకే ఊరని కాదు. కోడ్ చదివి, “ఈ యమ్మ నా ఇంజను లోపలికి దిగి బైటికొచ్చింది మేడం. ఇంతవరకూ ఎవరూ రాలా,” అన్నాడు. రమణమూర్తి పట్టు విడవలేదు. ఇంత పెద్ద మార్పు తీసుకుంటే ఒత్తులన్నీ మళ్ళీ పరీక్షించుకోవాలి, ఆమె రేపు వెళ్ళిపోతే మనం చిక్కుకుంటాం, కాదని తీసుకుంటే నేను తప్పుకుంటాను అన్నాడు. ఆళ్ళగడ్డలో టీ తాగుతూ ఓబులేసు చెప్పిన వాదనే అది. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చింది.

మళ్ళీ మస్తాన్ ప్రెస్సులో కూర్చున్నాం. ఈసారి ఐదుగురం. రమణమూర్తి కారణాలు చెప్పాడు. షమీమ్ వాటిని ఒక్కొక్కటే కొట్టేసింది. ఓబులేసు మధ్యమధ్య ఆజ్యం పోశాడు. గంట గడిచినా ఎవరూ దిగిరాలేదు.

సమావేశాల్లో మస్తాన్ మాట్లాడడం అరుదు. ఆ రోజు లేచి అల్మారాలోంచి ఒక పెళ్ళి కార్డు తీసి బల్లమీద పెట్టాడు. పోయినేడు జరిగిన అతని కూతురి పెళ్ళిది. మేమందరం భోంచేసి వచ్చిన పెళ్ళే.

“ఇది చూడండి సార్,” అన్నాడు రమణమూర్తితో. “ఈ ఉర్దూ వరుస నేను చేత్తో రాపించి, కత్తెరతో కత్తిరించి, గోందుతో అంటించి ప్లేటు తీసినా. మా నాయన కాలంలో ఎట్ల జేసేవాళ్ళో అట్లనే. ‘ఒత్తు’ పెట్టిన ముగ్గురిలో నేనొకన్ని. నా బిడ్డ పెండ్లి కార్డు నా సాఫ్ట్‌వేర్‌లో రాలే.”

“మరి ఎందుకు చెప్పలేదప్పా ఇన్నేండ్లు?” అన్నాను.

“అడిగితే ఏమంటారో తెల్సు కదక్కా. పరిధి అంటారు. నేను ముస్లిముల పని చేపించుకుంటాండానని ఎవరికన్నా అనిపిస్తాదేమోనని...” కార్డు తీసుకుని మళ్ళీ అల్మారాలో పెట్టాడు.

లోపలివాళ్ళు, బయటివాళ్ళు అని మేము అన్నేళ్ళు వాదించుకున్నాం. మొదటిరోజు నుంచీ లోపలే కూర్చున్న మనిషి ఒక సంగతిలో మా అందరికంటే బయట ఉన్నాడని మాలో ఎవరికీ తట్టలేదు. తాళంచెవి చేతిలో ఉన్నంతమాత్రాన మనిషి లోపల ఉన్నట్టు కాదు.

రమణమూర్తి గొడుగు పక్కన పెట్టాడు. షమీమ్ వైపు తిరిగి, “మీ మార్పులో రెండు తప్పులున్నాయండి. దిద్ది పంపితే నేను పరీక్షిస్తాను,” అన్నాడు.

“రెండు కాదు సార్, మూడు,” అంది షమీమ్. “మూడోది మీకు దొరకలేదు. దిద్దేసినా.”

ఆ మార్పు చేరడానికి ఎండాకాలం మొత్తం పట్టింది. ఒత్తులన్నీ మళ్ళీ పరీక్షించింది రమణమూర్తే. తీసుకోవద్దని అంత పట్టుబట్టిన మనిషి, తీసుకున్నాక దాన్ని సొంతబిడ్డలా చూశాడు. అలాంటివాళ్ళు ఉంటారు. వాళ్ళు కాదన్నప్పుడు తిట్టుకోండి, కానీ పోగొట్టుకోకండి. మస్తాన్‌కి మాత్రం ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. సిద్ధమైన రోజు అతను ప్రెస్సులో ఒక్కడే కూర్చుని ఒకే వరుసలో తెలుగూ ఉర్దూ కలిపి తన కూతురి పేరు అచ్చుతీసి గోడకి అంటించాడు. నేను వెళ్ళినప్పుడు చూశాను.

ఇప్పుడు

కొన్నాళ్ళకి కంప్యూటర్లే తమంతట తాము తెలుగు చూపించడం నేర్చుకున్నాయి. ‘ఒత్తు’ అవసరం బాగా తగ్గింది. ఇప్పుడు దాన్ని చిన్న ప్రెస్సులవాళ్ళు, ముఖ్యంగా రెండు భాషల కార్డులు వేసేవాళ్ళు వాడుతుంటారు. ఓబులేసు టీవీలు వదిలి సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. ఇంజను జోలికి ఎవరైనా వస్తే ఇప్పటికీ మొరుగుతాడు కానీ వారంలోపే మొరుగుతాడు. రమణమూర్తి రిటైరై సొంతూరు వెళ్ళాడు. అక్కడినుంచి పరీక్షలు చేసి పంపుతుంటాడు. నేను రిటైరయ్యేముందు నిర్వహణ షమీమ్‌కి అప్పగించి, నా తాళంచెవి కూడా తీసేయమన్నాను. పెద్దమ్మ పెళ్ళయ్యాక ఇంకా పందిట్లోనే తిరుగుతుంటే బాగుండదు.

పోయినేడు ఊరికే కూర్చోలేక పాత కోడ్ తెరిచి, కీబోర్డు భాగంలో ఒక చిన్న సంగతి మార్చి, అందరిలాగే షమీమ్‌కి పంపాను. ఆ భాగం మొదట రాసింది నేనే. మూడో రోజు జవాబు వచ్చింది.

‘మేడం, మీ మార్పు చూసినా. తీసుకోలేను. ఇది మీరు రాసిన రోజుల్లో సరిపోయేది. ఇప్పుడు ఫోన్లలో వాడేవాళ్ళకి ఇబ్బంది. వివరంగా కింద రాసినా. దిద్ది పంపితే చూస్తా.’

కింద నిజంగానే వివరంగా రాసింది. నాకు ఒళ్ళు మండింది. నా కోడ్ నాకే నేర్పుతోందా అని ఒక పొడుగాటి జవాబు టైపు చేశాను. మా ఆయన వెనకనుంచి చదివి, “ఓబులేసు రాసినాడా ఇది?” అన్నాడు.

చెరిపేశాను. ఆమె రాసింది మళ్ళీ మొదటినుంచి చదివాను. తప్పు నాదే. రెండు రోజులు కూర్చుని దిద్ది పంపాను. వారం తిరగకుండా తీసుకుంది. కింద ఒక్క ముక్క చేర్చింది: ‘ఇది ఇప్పుడు మీ బాధ్యత మేడం. ఏమన్నా తేడా వస్తే మీకే రాస్తా.’

ఇంతవరకూ రాయలేదు. రోజూ పొద్దున లేచి, మెయిల్ తెరిచి, వచ్చిందేమోనని చూసుకుంటున్నాను.